చింతపిక్కల కాఫీ

కాఫీ వాసన వస్తే నాకు కడుపులో తిప్పుతుంది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వేస్తారు. కోరాపుట్ కొండల్లో పుట్టి, కాఫీ తోటల మధ్య పెరిగినదానివి, నీకిదేం రోగం అంటారు. రాయగడ దగ్గర కొల్నారలో బడిపంతులమ్మగా ఉన్నన్నాళ్లూ ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోనే చెప్పేసేదాన్ని, నాకు మజ్జిగ చాలని. పైత్యం అని కొందరు, పొగరు అని కొందరు అనుకున్నారు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. కథలు రాశాను, వ్యాసాలు రాశాను, నా చిన్నతనం గురించి కూడా అక్కడక్కడా ముచ్చటగా రాసుకున్నాను. ఈ ఒక్కటీ తప్పించి రాశాను. మా అన్నయ్య కొడుకు కిరణ్ పోయిన చలికాలం ఒక కాఫీ పొట్లం పట్టుకుని రాయగడలో మా ఇంటికి రాకపోతే, చెప్పకుండానే పోయేదాన్నేమో.

కిరణ్‌కి బోరిగుమ్మలో హోల్‌సేల్ కొట్టు ఉంది. మా నాన్న పెట్టిన వ్యాపారాన్ని మా అన్నయ్య పెంచాడు, వీడు ఇంకా పెంచాడు. మర్యాదస్తుడే. రాగానే కాళ్లకి దండం పెట్టాడు, మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగాడు. తర్వాత సంచిలోంచి మట్టిరంగు కాగితపు పొట్లం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద బంగారు అక్షరాలతో ఒక కొండ ఊరి పేరు, కింద ముక్కుకి మూడు పోగులున్న ఒక కొండ ముసలమ్మ నవ్వు మొహం. వెనక్కి తిప్పితే అరచేతంత జాగా ఖాళీగా ఉంది.

"ఈవిడెవలురా?" అన్నాను.

"ఎవలో తెల్దత్తా. నెట్‌లో దొరికింది. మొహం బాగున్నాది కదేటి," అన్నాడు. "ఎనకాల ఆ జాగా నీకోసమే ఒగ్గేను. మన తాత లమ్తపుట్లో ఉన్నప్పుడు కొండోళ్లకి కాఫీ ఎయ్యడం నేర్పేడంట కదా. అది రెండు పేరాల్లో అందంగా రాసిచ్చేయ్. ఇప్పుడు కష్టమర్లు కాఫీ కొనరత్తా, కత కొంతారు."

"తాత నేర్పేడని ఎవలు సెప్పేరు?"

"నాన్నే సెప్పేడు."

చెప్తూనే పొట్లం మూతి చింపి, చూడు ఎంత కమ్మగా ఉందో అని నా ముక్కు దగ్గర పెట్టాడు. నేను లేచి పెరట్లోకి పోయి పంపు దగ్గర కక్కుకున్నాను. వాడు కంగారుపడి వీపు నిమిరాడు, నీళ్లిచ్చాడు. పాపం, వాడికేం తెలుసు. నాకు రోత పుట్టింది వాడి కాఫీ చూసి కాదు. మా నాన్న నేర్పాడన్న మాట విని.

ఒడిశా కొండల్లో సంత జరిగే ఊరు లమ్తపుట్. అక్కడ మా ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. ముందు కొట్టు, దాని వెనక సరుకు గది, ఆ వెనక మేముండే రెండు గదులు, చివర పెరడు. మా వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు పట్టుకుని కొండెక్కినవాళ్లు. వాటికి మారుగా కొండవాళ్ల దగ్గర చింతపండు, పసుపు, నూనె తీసే ఒలిసెలు తీసుకునేవారు. ఇల్లంతా ఆ వాసనలన్నీ కలిసి ఒకే వాసనగా ఉండేది. నా గౌన్లకీ అదే, నా పుస్తకాలకీ అదే. నా తల్లి నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంటి పెత్తనం మా నాన్నని కన్న తల్లిది. ఆమెను మామ్మ అనేవాళ్లం. ఆమెకి శుభ్రం పిచ్చి. కొట్లోంచి ఇంట్లోకి వచ్చే గుమ్మం దగ్గర నీళ్ల చెంబు పెట్టి, కాళ్లు కడగనిదే ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు. నాన్న అంతకంటే ఎక్కువ. పొద్దున్న ఒకసారి, కొట్టు మూశాక ఒకసారి తలారా స్నానం. నుదుట విభూతి మూడు గీతలు గీసినట్టు దిద్దేవాడు. బజారు హోటల్లో నీళ్లు కూడా తాగేవాడు కాదు, ఎవరి ఎంగిలో అని.

ఆ శుభ్రమైన మనుషులు మధ్యాహ్నం కొట్టు తలుపులు ఓరగా వేసుకుని ఏం చేసేవారో చెప్తాను.

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద ఇనప మూకుడు పెట్టేవారు. చింతపండు గింజ తీయగా మిగిలిన పిక్కలు మా సరుకు గది మూల గుట్టగా పడి ఉండేవి. వానాకాలం చెమ్మకి అడుగువి బూజు పట్టి, పురుగు పట్టి, ముట్టుకుంటే చేతికి బంకగా అంటేవి. వాటిని గంపతో తెచ్చి మూకుట్లో పోసేవారు. మామ్మ ముక్కుకి కొంగు కట్టుకుని గరిటెతో తిప్పేది. పిక్కల కంటే ముందు వాటిలో పురుగులు చిటపటలాడేవి. తర్వాత పొగ లేచేది. వెంట్రుకలు కాలిన వాసన, మాడిన బెల్లం వాసన, ఎక్కడో చచ్చిన ఎలక వాసన కలిస్తే వచ్చే పొగ. పిక్కలు బొగ్గులా నల్లబడ్డాక దంచి, జల్లించి, దానిలో కాఫీ గింజల పొడి కొంచెం కలిపి పొట్లాలు కట్టేవారు. దంచడం మామ్మ పని, జల్లించడం నా పని. నా గోళ్లలో, చెవుల వెనక, జడలో ఆ నల్లపొడి ఎప్పుడూ ఉండేది. బడిలో నన్ను మసి అని పిలిచేవారు. మేం కట్టిన పొట్లాలు టీ హోటళ్లకీ, దగ్గర్లో ఉన్న ప్రాజెక్టు కాలనీకీ పోయేవి. స్వచ్ఛమైన కొండ కాఫీ అని వాటి మీద నాన్న తన చేత్తోనే గుండ్రంగా రాసేవాడు. ఆయన దస్తూరీ చాలా బాగుండేది.

మేం తాగేది మాత్రం అది కాదు. దేవుడి గూటి కింద ఇత్తడి డబ్బాలో అసలు కాఫీ ఉండేది. దాన్ని మామ్మ ఏ రోజుకారోజు వేయించి, చిన్న రోట్లో నూరి, గుడ్డలో వడకట్టేది. నాన్న పూజ ముగించి వచ్చి గ్లాసు రెండు చేతులా పట్టుకుని, తాగే ముందు కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. "ఇది సుక్రి గింజ. ఈ కొండల్లో దీని సాటి లేదు," అనేవాడు. ఆయనకి అసలు సరుకేదో బాగా తెలుసు. అది తెలియనివాడైతే నేను ఈ రోజు ఇంతగా అసహ్యపడి ఉండేదాన్ని కాదు.

సుక్రి లమ్తపుట్ పైన కొండల్లో ఉండే మనిషి. శుక్రవారం పుట్టిందని ఆ పేరు పెట్టారట. మట్టి కొట్టుకుపోకుండా ఉంటుందని సర్కారువాళ్లు కొండవాలుల మీద సిల్వర్ ఓక్ చెట్లూ, వాటి నీడన కాఫీ మొక్కలూ వేయించిన రోజులవి. ఆ మొక్కలు ఊళ్లలోవాళ్లకి కూడా ఇస్తామంటే సుక్రి ఊరివాళ్లు వద్దన్నారు. తిండిగింజ చోళ్లు పండే నేలలో తినడానికి పనికిరాని కాయలెందుకన్నారు. సుక్రి ఒక్కర్తే ఇంటింటికీ తిరిగి, పోట్లాడి, అందరి చేతా నాటించింది. ఆ సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా కొత్తగా గర్వపడేది.

చలికాలం సంత రోజున ఆమె, వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు, రెండు కొండలు దిగి వచ్చేవారు. అడ్డాకులు కప్పిన గంపలు మా కొట్టు మెట్ల మీద దింపేవారు. అరుగు మీదికి రానిచ్చేవాళ్లం కాదు. మెట్టు వరకే. కిందివైపు రెండో మెట్టు. అక్కడే కూర్చుని ఆమె ఆకులు తీసి గింజలు చూపించేది. అన్నీ ఒకే తీరుగా, నీలం కలిసిన ఆకుపచ్చగా, ఒక్క నల్లగింజ లేకుండా ఉండేవి. ఎర్రగా పండినవే కోస్తానని, పచ్చివి ఉంటే మళ్లీ పదిరోజులకి అదే చెట్టు దగ్గరకి వెళ్తానని చెప్పేది. వెదురు తడికె మీద ఎండబెట్టి, మబ్బు పడితే పసిపిల్లని ఎత్తుకున్నట్టు తడికెతో సహా లోపలికి మోసేదట. మందులూ ఎరువులూ ఆమె ఎరగదు. రాలిన ఆకు, పశువుల పెంట, కొండ నీడ, అంతే. దానికి ఇప్పుడు పెట్టిన పేరు అప్పుడు లేదు. ఆమెకి నేనంటే ఇష్టం. నన్ను నూని అనేది, ఆ కొండల భాషలో చిన్నపిల్ల అని. నాలుగు పండు కాయలు కొంగున కట్టుకొచ్చి ఇచ్చేది. పైతోలు కొరికితే లోపల తేనెలాంటి జిగురు. నేను చప్పరించి గింజలు తిరిగి ఆమె చేతిలోనే ఉమ్మేదాన్ని. నా ఎంగిలి ఆమెకి పనికొచ్చేది.

ఒక సంత రోజున ఆమె మామ్మని ఒక కోరిక కోరింది. "ఇన్నేళ్లు మోస్తన్నాను. దీని రుచి నాను సూడనేదు. మీరు రోజూ తాగుతారు కదా. ఒక్క గుక్క పోయండి."

మామ్మ పకపకా నవ్వింది. నవ్వి లోపలికెళ్లి, దేవుడి గూటి వైపు పోకుండా, అమ్మకానికి కట్టిన పొట్లాల్లోంచి ఒకటి విప్పింది. కాఫీ కాచి తెచ్చి, పైమెట్టు మీద నిలబడి, సుక్రి పట్టిన ఆకుదొన్నెలో ఎత్తునుంచి పోసింది. చుక్కలు ఆమె చేతి మీద పడ్డాయి. సుక్రి ఊది, రెండు చేతులా పట్టుకుని తాగింది. ఒక్క క్షణం నోట్లోనే ఉంచుకుంది. తర్వాత పక్కకి తిరిగి మట్టిలో ఉమ్మేసింది.

"ఇది నాది కాదు," అంది.

"ఏటంతన్నావే?" అంది మామ్మ.

"నా పండు ఇలగుండదు. కాలిపోయిన గోనె నమిలినట్టున్నాది."

"అలవాటు నేక అలగుంటాది," అని మామ్మ లోపలికి పోయింది. సుక్రి దొన్నె పట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె మొహం చిన్నబోయింది. ఇన్నేళ్లూ ఊరిని ఒప్పించి నాటించింది దీనికోసమా అనుకున్నట్టుంది. నాకు జాలేసింది. దగ్గరగా వెళ్లి చెవిలో చెప్పాను, "ఇది నీది కాదు. ఇందులో చింతపిక్కలుంటాయి. నీది మేం తాగుతాం." ఆమె నా వైపు చూసి, మెల్లగా, ఎంత హాయిగా నవ్విందో. తన కాయ మంచిదేనని తెలిసి నవ్విన నవ్వు అది. మోసం సంగతి ఆమె ఆ పూట పట్టించుకున్నట్టే లేదు.

ఆ తర్వాత రెండో సంతకో మూడో సంతకో ప్రాజెక్టు కాలనీ నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. మా పొడి కాచిన కాఫీ ఫ్లాస్కులో పోసుంచితే అడుగున జిగురు గంజి పేరుకుందట. పిల్లలకి వాంతులయ్యాయట. ఫ్లాస్కు పట్టుకొచ్చి మూత తీసి కొట్టు బల్ల మీద బోర్లించాడు. నల్లటి ముద్ద జారి తూకం పళ్లెంలో పడింది. సంత జనం మూగారు. నాన్న మొహం తెల్లబోయింది. అది ఎంతోసేపు కాదు. వెంటనే చేతులు జోడించాడు.

"అయ్యా, నానేటి సేస్తాను? ఈ కొండోళ్లే ఏపి, దంచి పొడి సేసి తెస్తారు. మేం నమ్మి పొట్లాలు కడతాం. ఆళ్లేటి కలుపుతారో మాకు తెల్దు బాబూ." అని రెండో మెట్టు మీద ఉన్న ఆడవాళ్లని చూపించాడు.

సుక్రికి బజారు తెలుగు బాగానే వచ్చు. లేచి నిలబడింది. గంపలోంచి గుప్పెడు గింజలు తీసి ఆఫీసరు ముందు పట్టింది. "మేం పొడి తేం. గింజే తెస్తాం. ఇదిగో, సూడు." ఆఫీసరు వాటిని చూశాడు, నాన్నని చూశాడు. ఏం తేల్చుకోలేక నా వైపు తిరిగాడు. పిల్లలు అబద్ధం చెప్పరని అతని నమ్మకం కాబోలు.

"ఏమమ్మా, నువ్వు ఈ ఇంటి పిల్లవేనా? పొడి ఎవరు తెస్తారు? నిజం చెప్పు."

సుక్రి మొహం వెలిగింది. "సెప్పు నూని. నీకు తెల్సు కదా, సెప్పు," అంది.

నాన్న నా వెనక్కి వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. అదిమిపట్టలేదు, బెదిరించలేదు. ఉత్తినే వేశాడంతే. ఆ చేతికి విభూతి వాసన, గంధం వాసన. ఇంతకాలం నేను ఆ చేతి మీద ఎన్ని నేరాలు మోపి చూసుకున్నానో. లాభం లేదు, ఆ చెయ్యి తేలిగ్గానే ఉంది.

"ఆళ్లే తెస్తారు," అన్నాను. "ఆళ్లే చింతపిక్కలు కలుపుతారు. నాను చూసేను."

చూసేను అన్న మాట నన్నెవరూ అడగలేదు. అది నేనే కలిపాను.

నాన్న మెట్లు దిగి సుక్రి గంపని కాలితో తన్నాడు. గింజలు మురిక్కాలవలో పడ్డాయి. మిగతా గంపలు కూడా దొర్లించాడు. మూగినవాళ్లలో కొందరు హుషారుగా వాటిని తొక్కారు. మిగిలిన ఆడవాళ్లు ఏడుస్తూ శాపనార్థాలు పెట్టారు. సుక్రి ఏడవలేదు. నన్ను తిట్టలేదు. నా వైపు కాసేపు చూసింది, ఎవరో తెలియని మనిషిని పోల్చుకుంటున్నట్టు. వంగి ఖాళీ గంప తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం సంతలో డప్పు కొట్టి చాటించారు, ఫలానా ఊరి కొండవాళ్ల కాఫీ ఎవరూ కొనవద్దని. నాన్న నాకు జిలేబీల పొట్లం తెచ్చిపెట్టాడు. నేను తిన్నాను. అన్నీ తిన్నాను. తియ్యగానే ఉన్నాయి. ఇంతమందిని చూసి మొహం చిట్లించుకునే నాకు, ఆ జిలేబీలు తిన్న పిల్ల గుర్తొచ్చినప్పుడు పుట్టే రోత మరెవరి మీదా పుట్టదు.

సుక్రి మళ్లీ మా మెట్లెక్కలేదు. ఆ ఊరివాళ్లు కాఫీ చెట్లన్నీ పొయ్యిలోకి కొట్టేశారని, పెద్దలు కూర్చుని సుక్రికి తప్పు వేశారని సంతలో చెప్పుకోగా విన్నాను. ఊరికి భోజనం పెట్టించి, తల వంచించి క్షమాపణ చెప్పించారట. మా పెరట్లో మూకుడు ఒక నెల రోజులు ఆగి, మళ్లీ పొయ్యెక్కింది. నాన్న స్నానాలు ఆగలేదు. నేను చదువుకి రాయగడ వచ్చాను, ఉద్యోగం, పెళ్లి, అన్నీ ఇటే. నాన్న పెద్దమనిషిగా బతికి పెద్దమనిషిగా పోయాడు. ఆయన ఫోటోకి బోరిగుమ్మ కొట్టులో ఇప్పటికీ రోజూ పూలదండ మారుస్తారు.

అందుకని కిరణ్ రెండు పేరాలు అడిగినప్పుడు, నేను పొట్లం మీద పేరున్న ఆ ఊరు, సుక్రి ఊరు, చూడందే రాయలేనన్నాను. వాడు సంబరపడి కారు తెచ్చాడు. దారంతా తన లెక్క తనే చెప్పుకొచ్చాడు. మందులు వాడని సేద్యమని బయటివాళ్లొచ్చి పరీక్షించి ఆ ఊరి కాఫీ రైతుల సంఘానికి సర్టిఫికెట్ ఇచ్చారట. దానికి వాళ్లకి చాలా ఏళ్లు పట్టిందట. వీడు వాళ్ల దగ్గర కొంచెం కొంటాడు. మిగిలిందంతా మందులు కొట్టే పెద్ద తోటల నుంచి తెచ్చి, ఆ ఊరి పేరుతోనే అమ్ముతాడు.

"అది తప్పు కాదేటిరా?" అన్నాను.

"కలపడం ఏపారంలో మామూలేనత్తా. రుచిలో తేడా ఎవలికి తెలుస్తాది?" అన్నాడు, అద్దంలో జుట్టు సవరించుకుంటూ.

నాన్న కనీసం పిక్కలు కాల్చిన పొగకి కళ్లు మండించుకునేవాడు. వీడికి చేతికి మసి కూడా అంటదు. వీడి కారులో మల్లెపూల వాసన వచ్చే సీసా వేలాడుతోంది. అప్పుడు మేం కొండవాళ్లని మెట్టు మీద ఆపాం, ఇప్పుడు పొట్లం మీదికి ఎక్కించాం. ఏది ఎక్కువ నీచమో నేను తేల్చుకోలేకపోయాను. అప్పుడైనా ఇప్పుడైనా ఆ మనిషి పేరు మాకు అక్కర్లేదు, మొహమో గింజో చాలు. నాకు వాడి మీద అసహ్యం వేసింది. వాడి పక్కన కూర్చుని వాడి బిస్కట్లు తింటున్న నా మీదా వేసింది.

ఊరి మొదట్లో ఓక్ చెట్ల నీడలో సంఘం కళ్లం ఉంది. నడుమెత్తు బల్లల మీద వలలు పరిచి కాయలు ఆరబోశారు. ఆడవాళ్లు బారుగా కూర్చుని గింజలు ఏరుతున్నారు. సంఘం పెద్ద ఒక యాభై ఏళ్ల మనిషి, పేరు సోమారి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వచ్చింది. కిరణ్ ఫోన్ తీసి ఫోటోలు తీస్తూ, "ఈవిడ మా అత్త. మా తాతే మీకు కాఫీ నేర్పింది, తెల్సా?" అన్నాడు.

సోమారి నవ్వింది. "మాకు నేర్పింది మా యమ్మ. సుక్రి అని. ఊరంతా సెట్లు కొట్టేసినా మా యమ్మ పన్నెండు సెట్లు కొట్టనియ్యనేదు. గొడ్డలి పట్టుకొస్తే సెట్టుకి అడ్డంగా కూకున్నాదంట. లమ్తపుట్లో అమ్మనివ్వకపోతే గంప నెత్తిన ఎట్టుకుని ఏరే సంతలకి నడిసేది. ఈ కొండ మీదున్నయ్యన్నీ ఆ పన్నెండింటి పిల్లలే."

"అమ్మ ఉందా?" అన్నాను.

"పోయి శానా ఏళ్లయింది."

నేను చెప్పేశాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే మళ్లీ చెప్పలేననిపించింది. మూకుడు, పిక్కలు, ఆఫీసరు, నా మాట, అన్నీ. కిరణ్ మధ్యలో నా మోచెయ్యి పట్టుకుని, "అత్తా, ఏటిది, ఒంట్లో బాగునేదేటి?" అన్నాడు. నేను ఆపకపోయేసరికి మొహం గంటు పెట్టుకుని కారులోకి పోయాడు. వాడి వ్యాపారం సంగతి కూడా చెప్పేశాను కదా. సోమారి ఆ తర్వాత వాడికి ఒక్క గింజ అమ్మలేదు, తమ ఊరి పేరు వాడొద్దని కాగితం కూడా పంపింది. ఆ వారమే అన్నయ్య ఫోన్ చేశాడు. "పోయినోళ్ల పరువు తీసినావు. నువ్వు మాకు నేవు," అని పెట్టేశాడు. వాళ్లింట్లో మొన్న పెళ్లి జరిగితే నాకు కబురు లేదు. ఇవన్నీ తర్వాతి మాటలు.

ఆ రోజు మాత్రం సోమారి నేను చెప్పిందంతా విని, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. నేను చేతులు జోడించాను. ఆమె ఆ చేతుల్ని పట్టించుకోలేదు.

"నాతో ఎందుకు సెప్తన్నావు?" అంది. "మా యమ్మ కలపనేదని నాకు తెల్సు. నాకు ఎప్పుడూ తెల్సు. తెల్దన్నోడికి సెప్పు, రా."

నా మణికట్టు పట్టుకుని ఇళ్ల మధ్య నుంచి నడిపించుకుపోయింది. ఒక వాకిట్లో నులకమంచం మీద ఎండ కాచుకుంటూ పండు ముసలాయన కూర్చుని ఉన్నాడు. సుక్రి మరిది. ఆ రోజుల్లో ఊరి పెద్ద ఆయనే. సుక్రికి తప్పు వేసిందీ, తల వంచించిందీ ఆయనే. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాడట. సుక్రి చింతపిక్కలు కలిపి ఊరికి చెడ్డపేరు తెచ్చిందని మనవలకి కూడా చెప్తాడట. ఆమె పోయినప్పుడు మట్టి వేయడానికి రాలేదట.

"పెద్దయ్యా, లమ్తపుట్ సావుకారి కూతురు వొచ్చింది. నీకో మాట సెప్తాదంట," అని సోమారి ఆయన చెవి దగ్గర అరిచి, నా వైపు తిరిగింది. "ఆయనకి సెవుడు. గట్టిగా సెప్పాలి."

ఆ కొండల భాష నా నోట్లో తుప్పు పట్టి ఉంది. మాటలు వెతుక్కుని చెప్పాను. సుక్రి ఏమీ కలపలేదు. కలిపింది మా ఇంట్లో. అబద్ధం చెప్పింది నేను.

ముసలాయన చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, "ఎవలు?" అన్నాడు.

"ఇంకా గట్టిగా," అంది సోమారి.

అరిచాను. పక్క వాకిట్లో ధాన్యం చెరుగుతున్నవాళ్లు చేతులు ఆపి చూశారు. గోడల మీదుగా తలలు లేచాయి. ముసలాయన పెదవులు కదిలాయి. ఆయన నన్ను చూడలేదు, సోమారిని చూశాడు. "అది ఇదే సెప్పేది. సచ్చేదాకా ఇదే సెప్పింది," అన్నాడు.

నేను వెనక్కి తిరగబోయాను. సోమారి నా మణికట్టు వదల్లేదు. వీధి పొడుగునా చూసింది, ఎవరెవరు బయటికొచ్చారో, ఎవరింకా రాలేదో.

"మల్లా సెప్పు," అంది. "ఆ సివరి ఇళ్లోళ్లకి ఇనపడనేదు."